కంచె విన్న మాట

మంచు నెల 11
పట్నం

అక్కా,

నువ్వు పంపిన నారచెప్పులు అందాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నా రెండు కాళ్ళూ ఒకే కొలతని నువ్వు ఈ జన్మలో నమ్మవు. అయినా చలికి అవే వేసుకుని తిరుగుతున్నాను. మా వీధిలో జనం చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ, కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

చెప్పుల గొడవలో పడి అసలు సంగతి మరిచాను చూడు. నువ్వు మేనత్తవి కాబోతున్నావు! నీ మరదలికి నాలుగో నెల. అమ్మకి నువ్వే చెప్పు, నాకు సిగ్గు. చెప్పేటప్పుడు ఆవిడ చేతిలో నార చీల్చే కత్తి లేకుండా చూసుకో. పట్నం పిల్లని చేసుకున్నానని ఇంకా బుసలు కొడుతూనే ఉందని తేనె అమ్ముకోవడానికొచ్చిన తేనెమామ చెప్పాడు.

నాకొక ఆశ ఉంది. బిడ్డ అడవి లోపల పుట్టాలి. కంచె ఇవతల పుడితే, ఎంత నా రక్తమైనా, కంచెకి పరాయి బిడ్డే కదా. అందుకని పూత నెలలో నీ మరదల్ని తీసుకుని వస్తాను. వాకిట్లో నువ్వుంటావు, చెప్పాల్సిన మాట నేను చెబుతాను, అమ్మ చేతుల మీద పురుడు జరుగుతుంది. ఆవిడ ఒక పూటంతా తిట్టి, తర్వాత మనవణ్ణి ఎత్తుకుంటుంది.

మా ఇంటి గురించి నీకెప్పుడూ రాయలేదు. గుర్రపు జీన్లు కుట్టే ఆయన అంగడి మీద రెండు గదులు. తెల్లారీ తెల్లారకముందే కింద సుత్తి మొదలవుతుంది, తోలు వాసన మెట్లెక్కి పైకొస్తుంది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ, గోడ మీద ఒక పిల్లి. చెట్టన్నది కనబడదు. మొదట్లో ఊపిరాడేది కాదు, ఇప్పుడు అలవాటైపోయింది. దివాణంలో నాది నిలబడి చేసే పని. అడవి మనిషి ఒక పక్క, పట్నం మనిషి ఒక పక్క, మధ్యలో దుబాసీని నేను. వీళ్ళు అరిచింది వాళ్ళకి మెత్తగా చెప్పాలి, వాళ్ళు కసిరింది వీళ్ళకి మెత్తగా చెప్పాలి. సాయంత్రానికి నోరు పిడచకట్టుకుపోతుంది. కానీ దివానుగారు నన్ను బాగా చూస్తారు. ఈ దుబాసీ లేకపోతే సభలో అందరం మూగవాళ్ళమే అని పదిమందిలో అన్నారు. కంచె గురించి, లోపలి దారి గురించి ఆసక్తిగా అడుగుతుంటారు.

తేనెమామ బండి కడుతున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికివ్వాలి. ఇక ఆపుతాను.

నీ తమ్ముడు


మంచు నెల 20
కంచె వాకిలి

గోరింకా,

నీ ఉత్తరం చదివి వాకిట్లోనే ఒక్క గెంతు గెంతాను. కొమ్మ మీదున్న విలుకాడు నాకు పిచ్చెక్కిందనుకుని కిందికి దిగబోయాడు. ఏ పిట్ట కూస్తే ఆ కూత కూస్తూ చెట్లమ్మట తిరిగిన గోరింక తండ్రి అవడమేమిటిరా!

అమ్మకి చెప్పాను. వింటినారి పేనుతోంది. చెయ్యి ఆపలేదు. "వాడికి పిల్లేంటే, వాడే పిల్లాడైతేనూ" అంది. కాసేపటికి, నా వైపు చూడకుండా, "ఆ పిల్లకి ఏం తినబుద్ధేస్తోందట?" అంది. ఆ రోజు పేనిన నారంతా వంకర టింకర. విప్పి మళ్ళీ పేనింది. ఆవిడ సంతోషం అలాగే ఉంటుంది, నీకు తెలుసుగా.

కానీ ఒక మాట కసుక్కున గుచ్చుకుంది, చెప్పకుండా ఉండలేను. "మా వీధి"ట, "మా ఇల్లు"ట! నాకు రాసేటప్పుడు కూడా "మా"నా? నేను లెక్కలో లేని ఇల్లా అది? అలవాటులో రాసుంటావులే. కానీ రోజంతా మా, మన అనే రెండు మాటల మధ్య కాపలా కూర్చునేదాన్ని, నాకు పట్టింపు ఉంటుంది.

పట్నం నీళ్ళు తాగి మరిచావేమో, మళ్ళీ చెబుతున్నాను. మనలో ఎవరైనా బయటివాళ్ళని వెంటబెట్టుకొస్తే నేను "ఎవరు?" అంటాను. నేను అడిగేది మర్యాదకి. వినేది కంచె. లోపలివాడి నోటి నుంచి "మనవాళ్ళే" అని వినబడితే చాలు, ముళ్ళు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. వెనకున్నది ఎవరు, ఎందరు అని చూడవు. అదే "మావాళ్ళు" అంటే ముడుచుకుపోతుంది. అన్నవాణ్ణి కూడా ఆ బయటివాళ్ళలో కలిపేస్తుంది. ఇక వాడికి జన్మలో దారి లేదు, రాణిగారు చెప్పినా లేదు. కాబట్టి నీ భార్యతో వచ్చేటప్పుడు నోరు దగ్గర పెట్టుకో. అలవాటుగా "మా ఆవిడ" అనేవు సుమా! కొంప మునుగుతుంది.

ఇంకొకటి. ఏటి అవతల దిబ్బ మీద మీ పట్నం మనుషులు కర్రలు పాతి, లోపలి మానుల ఎత్తు కొలుచుకుంటున్నారు. ఎందుకని అడిగితే చేతులు ఊపి వెళ్ళిపోయారు. కంచె గురించి దివాను ఆసక్తిగా అడుగుతాడన్నావు. ఏం అడిగాడు? నువ్వేం చెప్పావు? రాణిగారి జడ మీద పాట ఉంది, విలుకాళ్ళ గురి మీద పాటలున్నాయి, కంచె కాపరి మీద ఒక్క ముక్క లేదు. పాట లేకపోతే పోయె, నా కాలంలో నా మీద మాట రాకుండా ఉంటే చాలు.

మరదలికి తేనె పంపుతున్నాను. నువ్వు నాకేయకు.

అక్క


చిగురు నెల 2
పట్నం

అక్కా,

ఒక్క "మా"కి ఇంత రభసా! సరే తల్లీ, మన ఇల్లు. మన జీన్ల అంగడి, మన తోలు వాసన, ఎదురింటి గోడ మీద మన పిల్లి. చాలా?

నిజానికి ఇక్కడి భాషలో మా, మన అని రెండు లేవు. ఒకటే మాట. నిన్ను కలుపుకుని అన్నానా, వదిలేసి అన్నానా అన్నది వినేవాడే ఊహించుకోవాలి. నీ మరదలు నీతో మాట్లాడాలని మన మాటలు నేర్చుకుంటోంది, ఈ రెండింటి దగ్గరే బోల్తా పడుతోంది. మొన్న మన అడవి నుంచి మందువేళ్ళు అమ్ముకునే ముసలావిడ వస్తే, నీ మరదలు ఎంతో మర్యాదగా "మన ఆయన ఇంట్లోనే ఉన్నాడు, రండి" అంది. ముసలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది! సంగతి తెలిశాక నీ మరదలు రెండు రోజులు కిటికీ తెరవలేదు. ఇప్పుడు భయపడి అన్నిటికీ "మా" అంటోంది. "మా బిడ్డ కదిలింది" అని నాతోనే చెబుతుంది, అక్కడికి నాకేమీ సంబంధం లేనట్టు.

దివానుగారు భోజనానికి పిలిస్తే ఈ కథ చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంతకీ కంచె దగ్గర ఏది అనాలయ్యా అన్నారు. చెప్పాను. దాచడానికేముంది, బయటివాడి నోటికి కంచె కదలదుగా. ఆయన రెండు మాటలూ పలికి చూశారు. "నా చెవికి రెండూ ఒకటే మోత. నీలాంటివాడే అనాలి" అన్నారు.

కర్రలు పాతి కొలిచినదానికి నువ్వు బెంగపడకు. గాలివానకి సభ కప్పు కూలిపోయింది. లోపల పడిపోయి ఉన్న మానులు కొన్ని ఇమ్మని రాణిగారిని అడుగుతారట. నీ మరదల్ని తీసుకెళ్తున్నానని తెలిసి, గుంతల దారిలో ఆ స్థితిలో ఎలా వెళ్తుందని మెత్తటి పరుపుతో బండి ఏర్పాటు చేస్తానన్నారు. ఆయన మనుషులు కూడా కొన్ని బండ్లతో మాతో వస్తారు. అందరికీ కలిపి మాట నేనే చెబుతానని ఒప్పుకున్నాను. అందరూ మంచివాళ్ళే.

అమ్మకి చెప్పు, ఆ పిల్లకి పుల్లటివి తినబుద్ధేస్తోందట.

నీ తమ్ముడు


చిగురు నెల 9
కంచె వాకిలి

ఒరేయ్,

వద్దు. ముందు ఈ మాట చదువు, మిగతాది తర్వాత చదువు. వద్దు.

తేనెమామ మీ కమ్మరి వీధి మీదుగా వచ్చాడు. కొలిమి ఆరడం లేదట. గుమ్మం గుమ్మానికీ రంపాలే, ఇటొకడు అటొకడు పట్టుకుని లాగేవి. పదును పెట్టి, నూనె రాసి, గోనెల్లో చుడుతున్నారట. పడిపోయిన మానుని అడిగి తీసుకెళ్ళేవాడికి అన్ని రంపాలెందుకురా? దిబ్బ మీద వాళ్ళు కొలిచింది పడి ఉన్నవాటిని కాదు, నిలబడి ఉన్నవాటిని. వాటి మీద ఎవరి ఇళ్ళున్నాయో నీకు చెప్పాలా? అన్నిటికన్నా ఎత్తైనది అమ్మ ఉండే మాను.

అందరికీ కలిపి మాట చెబుతానన్నావు. ఎంత తేలిగ్గా అన్నావురా! వెనకున్నవాళ్ళ గోనెల్లో ఏముందో కంచె చూడదు. నిన్ను నమ్మి తెరుచుకుంటుంది, అంతే. భోజనానికి పిలిచి నవ్వించి నీ నోట్లోంచి తాళంచెవి లాక్కున్నాడు మీ దివాను. నువ్వేమో "మాతో వస్తారు" అని రాస్తావు. ఆ మాట చదివి నాకు ఒళ్ళు మండింది.

రాణిగారికి చెప్పక తప్పలేదు. కొమ్మకొక విలుకాడిని కూర్చోబెట్టారు. నీ వెనక బండ్లు కనబడ్డాయంటే ఏం జరుగుతుందో నేను చెప్పలేను. పూత నెలలో ఆ పిల్లని తీసుకుని ఇటు రావద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అమ్మకి ఏమీ చెప్పలేదు. పుల్లటి పళ్ళు ఎండబెడుతోంది.

అక్క


చిగురు నెల 15
పట్నం

అక్కకి,

"ఆ పిల్ల". మొన్నటిదాకా మరదలు, ఇప్పుడు "ఆ పిల్ల". అర్థమైంది.

రంపాలు, విలుకాళ్ళు, తేనెమామ కబుర్లు, ఇన్ని సాకులెందుకు? నీ కడుపులో ఉన్నది ఒకటే: పట్నం పిల్ల లోపల కాలు పెట్టకూడదు. ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. తేనె పంపి మురిపించడం దేనికి? ఆవిడ ఆ సీసా ఖాళీ అయినా పారేయకుండా కడిగి కిటికీలో పెట్టుకుంది.

దివానుగారిని సూటిగా అడిగాను. దారిలో అడ్డొచ్చే కొమ్మలకి రంపాలన్నారు. నేను పదేళ్ళుగా చూస్తున్న మనిషి. నా మీద ఒక్కసారి కూడా గొంతెత్తలేదు. నువ్వు నన్ను గోరింకా అంటావు, ఎవరు పలికిస్తే వాళ్ళ మాట పలికేవాడినని కాబోలు! నాకూ బుర్ర ఉంది అక్కా.

మేము బయల్దేరుతున్నాం. "మేము" అనే రాశాను, చూసుకో. కంచె నా మాట వింటుంది, నువ్వు విన్నా వినకపోయినా.

తమ్ముడు


చిగురు నెల 22
కంచె వాకిలి

నా బంగారు తండ్రీ,

నీకేం అర్థమైందిరా, నా మొహం! ఆ పిల్ల అన్నది ముద్దుకి. అమ్మ అలాగే అంటుందిగా, నాకు అదే నోటికొచ్చింది. దాన్ని రావద్దనలేదు, ఆ బండ్ల వెంట రావద్దన్నాను. మీ ఇద్దరే రండి. నడిచి రండి, అలిసిపోతే నేను ఏటిదాకా ఎదురొస్తాను, వీపున మోసుకొస్తాను. దానికోసం అమ్మ ఇంట్లో కొత్త పక్క వేశాను, అందులో పెట్టడానికి దూది దొరక్క ఊరంతా తిరిగాను. ఇవన్నీ రాయాల్సింది, కోపంలో రాయలేదు.

తేనెమామ గుర్రం కుంటుతోంది. నువ్వు బయల్దేరేలోపు ఇది చేరుతుందో లేదో.

అక్క


పూత నెల 3
ఏటి ఒడ్డున

అక్కా,

తేనెమామ విడిది పక్కగా వెళ్తూ కనబడ్డాడు. తేనె కొంటున్నట్టు నిలబడి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకో.

నువ్వు చెప్పిందే నిజం. గడ్డి కింద అన్నీ రంపాలే. బండి ఇరుసు విరిగితే దించి మళ్ళీ ఎక్కించారు, అప్పుడు చూశాను. దివాను దగ్గరికెళ్ళి, నేను మాట చెప్పను అన్నాను. ఆయన ఇప్పుడు కూడా గొంతెత్తలేదు. "మీ ఆవిడ చివరి బండిలో ఉంది కదా, ఆమె పక్కన మావాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టాను. తోడుగా" అన్నాడు. నడుముకి కత్తి ఉన్న తోడు. నేను మౌనంగా ఉన్నా, కంచె తెరుచుకోకపోవడం నా తప్పని తేలినా ఆ తోడు ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. తర్వాత నా భుజం తట్టి, రాత్రి బాగా పడుకో, రేపు గొంతు బాగుండాలి అన్నాడు.

నా బుద్ధికి ఏమనాలి! భోజనాల బల్ల దగ్గర నవ్వించాను, చూశావా, మెచ్చుకుంటారని.

నీ మరదలికి ఏమీ తెలియదు. బండిలో కూర్చుని "వదినా బాగున్నారా, అత్తయ్యా బాగున్నారా" అని వల్లె వేస్తోంది. మీకు మొదటి మాట ఆవిడే చెప్పాలట, నేను అందించకూడదట.

మనవాళ్ళే అంటే అమ్మ ఇల్లు కూలుతుంది. అనకపోతే చివరి బండి. అప్పటినుంచీ ఇదే నములుతున్నాను. రేపు నువ్వు అడిగినప్పుడు నేనేమంటానో నువ్వు అక్కడే వింటావు. ఏమన్నా సరే, ఒక్కటి చెయ్యి. పరుపున్న బండి చివరిది, పసుపు గుడ్డ కప్పి ఉంటుంది. దానివైపు ఒక్క బాణం కూడా రాకుండా చూడు. మిగతాది నీ ఇష్టం, నా మీద పడినా సరే.

నీ గోరింక


పూత నెల 19
పట్నం

అక్కా,

మేము క్షేమంగా చేరాం. నీ మరదలు బాగుంది, బిడ్డ కదులుతోంది. నువ్వు చిగురు నెలలో రాసిన ఉత్తరం మెట్ల మీద పడి ఉంది. దూది కోసం ఊరంతా తిరిగానన్న చోట ఇక చదవలేకపోయాను. నేను రాసిన పాడు ఉత్తరం దొరికితే పొయ్యిలో వెయ్యి.

ఆ రోజు నువ్వు "ఎవరు?" అన్నావు. నేను నీ మొహం చూడలేదు. చూస్తే నోరు పెగిలేది కాదు. "మావాళ్ళు" అన్నాను. గట్టిగా, స్పష్టంగా, దివానుకి వినబడేలా. ఆయన తల ఊపి, బండ్లు కదలమని చెయ్యి ఊపాడు! ఆ చెవికి రెండూ ఒకటే మోత కదా. మొదటి బండి కంచె దాకా వెళ్ళాక ముళ్ళు లేచాయి. మనిషెత్తు, మానెత్తు. చక్రాలు పట్టేశాయి, గోనెలు చీల్చి రంపాలన్నీ లోపలికి లాగేసుకున్నాయి. ఎద్దులు పలుపు తెంపుకుని పరుగెత్తాయి. మనుషులకి గీతలు తప్ప ఏమీ కాలేదు. మీ వైపు నుంచి ఒక్క బాణం రాలేదు, చివరి బండి దగ్గర పిట్ట కూడా ఎగరలేదు. నీ చలవే.

ఇప్పుడు అసలు తమాషా విను. సభలో విచారణ పెట్టారు. దివాను లేచి, "దుబాసీ చెప్పాల్సిన మాట చెప్పాడు, నా చెవులారా విన్నాను, మాట తప్పింది అడవివాళ్ళే" అని నా తరఫున సాక్ష్యం చెప్పాడు! ఉద్యోగం నిలిచింది. రంపాలు పోయాయి కాబట్టి కప్పు రాతితో వేసుకుంటారట. పట్నంలో నేను నమ్మకస్తుణ్ణి. నవ్వు రావాలి కదా, రావడం లేదు.

నీ మరదలు ఒకటే అడుగుతోంది, వదిన బయటికి రాలేదేం, నేనేమన్నా తప్పు మాట అన్నానా అని. ఏం చెప్పను?

అక్కా, కంచెకి ఎప్పటికైనా మరుపొస్తుందా? బిడ్డ పుట్టడానికి ఇంకా మూడు నెలల పైనే ఉంది. రాణిగారికి చెప్పి చూడు. నీకు తెలియని ఉపాయం ఉండదు. రోజూ తేనెమామ బండి కోసం కిటికీలో నిలబడుతున్నాను.

నీ తమ్ముడు


పూత నెల 30
కంచె వాకిలి

పట్నం దివాణపు దుబాసీ గారికి,

కంచె కాపరి నమస్కారాలతో రాసేది.

మీ ఉత్తరం లోపలికి రాలేదు. ముళ్ళలో చిక్కుకుని చీలికలైంది. తేనెమామ ఆ ముక్కలు ఏరుకుని, అవతల నిలబడి గట్టిగా చదివి వినిపించాడు. కొమ్మల మీద విలుకాళ్ళందరూ విన్నారు. మీ గురించి ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు. ఇద్దరు ఏడ్చారు.

నేను రాసిన జవాబులు కూడా బయటికి వెళ్ళలేదు. మొదటిది మీ చిన్నప్పటి పేరుతో మొదలుపెట్టాను. ముల్లు సరిగ్గా ఆ పేరు మీదే దిగింది. రెండోదానిలో పేరు తీసేసి "నువ్వు" అని రాశాను, అదీ చిరిగింది. మిమ్మల్ని పరాయి మనిషిగా చూస్తే ఊరుకుంటుంది, సొంతం చేసుకుంటే ఊరుకోదు. అందుకని ఇలా రాస్తున్నాను. నాకు చేతకావడం లేదు. పొరపాట్లుంటే మన్నించండి.

మరుపొస్తుందా అని అడిగారు. రాదు. రాణిగారు స్వయంగా వచ్చి కంచె ముందు నిలబడి "వాడు మనవాడే" అన్నారు. ఆకు కదల్లేదు. మళ్ళీ అన్నారు. తర్వాత వెళ్ళిపోయారు.

ఆ రోజు మీరు మాట అన్నాక నేను రెండోసారి "ఎవరు?" అని అడిగాను. బండ్ల చప్పుడులో మీకు వినబడి ఉండదు. రెండోసారి అడిగే పద్ధతి లేదు. మీరు మాట మార్చి ఉంటే ఇక్కడి ఇళ్ళన్నీ నేలకూలేవి, అది తెలిసే అడిగాను. ఇంకెవరికీ చెప్పలేదు.

మీ భార్యగారు ఏ తప్పూ మాట్లాడలేదని చెప్పండి. చివరి బండిలోంచి "వదినా బాగున్నారా" అని ఆమె పిలవడం నాకు వినబడింది. చాలా చక్కగా అన్నారు.

మా అమ్మకి జరిగిందంతా చెప్పాను. విని, నారి పేనుతూ కూర్చుంది. మీకు రాస్తూ "మా అమ్మ" అనాల్సి వస్తుందని నేను

పైన ఆపేసి లేచాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఈలోగా జరిగింది రాయాలి.

తెల్లారేసరికి ఆవిడ మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఎక్కడికమ్మా అన్నాను.

"పురుడు పోయడానికి."

పోసి వచ్చెయ్యి అన్నాను. బయటికి వెళ్ళడానికి, రావడానికి నీకు అడ్డేముంది అన్నాను.

"లోపలిదాన్నై ఉండగా వాణ్ణి నా కొడుకు అనకూడదటగా? అంటే ముళ్ళు లేస్తాయటగా? పురిట్లో బిడ్డని చేతుల్లోకి తీసుకుని ఎవరో పరాయివాళ్ళ బిడ్డ అనమంటావా? నీ కంచె నువ్వే ఉంచుకో. తప్పుకో."

తప్పుకున్నాను. దాటి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అడుగు" అంది. నేను అడగనన్నాను. "అడగవే. నీ పని అది" అంది. చిన్నప్పుడు మందు తాగకపోతే ఎలా అనేదో అలా అంది. అడిగాను.

"ఇవతల ఉన్నవాళ్ళు మావాళ్ళు" అంది.

ముళ్ళు మూసుకున్నాయి. సందుల్లోంచి చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. మూట సర్దుకుని ఏటి వైపు నడిచింది. తేనెమామ బండి మీద ఎక్కించుకుంటానంటే, ఆ కుంటి గుర్రం మీద జాలి అంది.

ఈ ఉత్తరం ఆవిడకన్నా ముందే మీకు అందవచ్చు. ఆవిడకి కుడి మోకాలు నొప్పి, మీ ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోండి. వద్దని విదిలిస్తుంది, అయినా పట్టుకోండి. తోలు వాసనకి తలనొప్పి అంటుంది, కిటికీ పక్కన పక్క వేయండి. కోపం వస్తే తిండి మానేస్తుంది. బతిమాలితే ఇంకా మొండికేస్తుంది. మాట్లాడకుండా పక్కన కూర్చోండి, తనే తింటుంది. ఎండబెట్టిన పుల్లటి పళ్ళన్నీ మూటలో పెట్టుకెళ్ళింది, మీ భార్యగారికి. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఆవిడ వెళ్ళాక కూడా అలవాటున ఇద్దరికి నీళ్ళు కాచాను, అంతే.

పైన నిన్న రాసిన చోట రెండుసార్లు "మా అమ్మ" అని పడింది. ఇప్పుడు అలా ఉంటే కంచె దాటదు. కొట్టేస్తున్నాను.

మీ అమ్మ జాగ్రత్త.

కంచె కాపరి